బొట్టు పెట్టిన డాలర్లు

పెళ్లయి అయిదేళ్లయిన ఆ కాలంలో నాకు ఈర్ష్య పైసా ఖర్చు లేకుండా దొరికేది. దానికి పెద్ద కారణం కూడా అక్కర్లేదు, ఎదుటి మనిషి చీర అంచు నా అంచు కన్నా నాలుగు వేళ్లు వెడల్పుంటే చాలు. ఉన్న ఈర్ష్యంతా నేను ఒక్క మనిషి మీదే పెట్టుకున్నాను. ఆమె మా యారాలు, అంటే మా ఆయన వాళ్ల అన్న భార్య. మాది చేవెళ్లలో విత్తనాలూ ఎరువుల దుకాణం. వాళ్లది మొయినాబాద్‌లో, అదే సరుకు, కాకపోతే దుకాణానికి అద్దాల తలుపు. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, ఆమె ఇంటర్ పాసైన మనిషి. సంతకం ఇంగ్లీషులో చేసి, కింద ఒక గీత కూడా గీసేది. సంతకం సంగతి సరే, ఆ గీత ఎందుకమ్మా అని నాకు ఒళ్లు మండేది. నోటితో మాత్రం ‘అక్కా, అక్కా’ అని తేనె పూసినట్టు పిలిచేదాన్ని. (మనసులో పిలిచే పేరు వేరే ఉండేది, అది ఇక్కడ రాయను. ఆమె కూడా ఇది చదువుతుంది.)

పురుగుమందులమ్మే కంపెనీ వాళ్లు ఒక ఏడు, సీజన్‌లో అనుకున్న దానికన్నా ఎక్కువ సరుకు అమ్మిన డీలర్లను భార్యలతో సహా బ్యాంకాక్ తీసుకుపోతామన్నారు. అన్నదమ్ములిద్దరికీ వచ్చింది. విమానం, హోటల్, తిండి, బస్సు అన్నీ కంపెనీవే, సొంతంగా ఏదైనా కొనుక్కుంటే ఆ ఖర్చు మనది. ఆ వార్త చెప్పడానికి బావగారూ అక్కా మా ఇంటికి వచ్చినప్పుడు, మా అత్తమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. పక్కింటావిడ అంతకు ముందు ఏడు ఇట్లాగే పోయి వస్తూ ఆకుపచ్చని నూనె సీసా ఒకటి తెస్తే, అత్తమ్మ దాన్ని అడిగి తెచ్చుకుని చివరి చుక్క దాకా రాసుకుంది.

“పెద్దదానా,” అంది అత్తమ్మ, నా మొహం వైపు కూడా చూడకుండా. “గా పచ్చ నూనె ఒక్క సీస తే బిడ్డా. నీకైతే తెలివి ఉంటది.”

నేను అప్పుడు ఆమె కాళ్ల దగ్గరే కూర్చుని పిసుకుతున్నాను! అయిదేళ్లుగా పొద్దుగూకినప్పుడల్లా ఆ కాళ్లు పిసికే చేతులు నావి, నూనె తెమ్మనేది మాత్రం నెలకోసారి కారులో వచ్చిపోయే మనిషిని. అప్పటికప్పుడు ఒట్టు పెట్టుకున్నాను, ఆ సీసా అత్తమ్మ చేతిలో పెట్టేది నేనే కావాలి, అదీ నా సొంత పైసలతో. నాకు సొంత పైసలు ఉండేవి. ముడిమ్యాలలో మా అమ్మగారింటి పొలంలో నాలుగు గుంటలు చామంతి వేసుకుని, ఆ పూల డబ్బులు విడిగా దాచుకునేదాన్ని.

“పైసలు ఎట్ల పట్కపోదాం?” అని మా ఆయన అడిగితే, బావగారు జేబులోంచి మెరుస్తున్న కార్డొకటి తీసి అక్క చేతిలో పెట్టారు. “బ్యాంకోడు ఇచ్చిండు. బ్యాంకాక్ పైసలు ముందే ఇండ్ల ఏసినం. గీకుడే పని.”

“ఫికరే లేదు చెల్లె,” అంది అక్క, కార్డును విసనకర్రలాగా ఊపుకుంటూ. “మీరూ తీస్కోర్రి.”

నాకు ఆ కార్డు మీద ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. కానీ ఆమె చెప్పాక తీసుకుంటే ఆమెను చూసి నేర్చుకున్నట్టవుతుంది కదా. “మాకెందుకక్కా, మాకు నోట్లే మంచిగుంటయి,” అనేశాను. మా ఆయన పట్నం పోయి, నా పూల డబ్బులూ తన డబ్బులూ కలిపి అయిదు నోట్లు మార్చుకొచ్చాడు, ఒక్కొక్కటి వంద డాలర్లది. అవి అక్కడ ఇస్తే వాళ్ల పైసలు, బాత్ అంటారట, అవి ఇస్తారని కంపెనీ అబ్బాయి చెప్పాడు.

మా ఇంట్లో కొత్త తక్కెడకైనా, కొత్త బండికైనా, కొత్త నోటుకైనా బొట్టు లేకుండా గడప దాటించే అలవాటు లేదు. మన నోటు మీద బొట్టుంటే ఎవరేమంటారు? పూల మార్కెట్‌లో అయితే కళ్లకద్దుకుని తీసుకుంటారు. శుక్రవారం తలస్నానం చేసి, ఆ అయిదు నోట్లనూ దేవుడి ముందు వరుసగా పరిచాను. ప్రతి నోటు మీదా జుట్టు చెవుల దాకా పెంచుకున్న ముసలాయన ఒకడున్నాడు. ఆయన నుదురు చూస్తే బొట్టు కోసమే అంత వెడల్పుగా పెట్టి పుట్టించారేమో అనిపించింది. తడి పసుపు పెట్టి, దాని మీద నిండుగా కుంకుమ పెట్టాను, అయిదు నోట్లకూ. మా ఆయన చూసి, “ఇప్పుడు మనింటల్లుని లెక్క కనబడుతున్నడు,” అని మెచ్చుకున్నాడు. (ఆ మాట ఆయన అనలేదని ఇప్పుడంటాడు. అన్నాడు. నాకు చదువు లేదు గానీ మరుపు కూడా లేదు.)

బ్యాంకాక్‌లో మొదటి రోజే నేను పైసలు మార్చే కిటికీ దగ్గరికి నడిచాను, వెనకాల మా ఆయన. లోపల పిల్ల చక్కగా నవ్వి నోటు అందుకుంది. చూసింది, తిప్పింది, లైటుకు పట్టింది. పక్క పిల్లను పిలిచి చూపించింది. ఇద్దరూ కలిసి రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టి, నోటును కిటికీలోంచి బయటికి నెట్టారు.

“ఏమంటున్నదండి?” అన్నాను.

“ఎర్రది ఉన్నదట. మరక నోటు తీస్కోరట.”

“మరక కాదు, బొట్టని చెప్పుర్రి.”

“బొట్టును ఇంగ్లీషుల ఏమంటరే?”

“నాకేం ఎరుక? నేను ఏడో తరగతి.”

“నేను పదో తరగతి ఫేలు. ఇద్దరివి కలిపితే పదిహేడు తరగతులు, ఒక్క మాట దొరుకుతలేదు సూడు!”

మూడు కిటికీలు తిరిగాం. మూడు చోట్లా దండాలే. హోటల్‌కు వచ్చి మా ఆయన ఒక నోటును తడి రుమాలుతో తుడిచాడు. కుంకుమ కొంచెం పోయింది గానీ పసుపు మొహమంతా పాకి ముసలాయనకు కామెర్లు వచ్చాయి. అప్పుడు హోటల్ వాళ్ల సబ్బు రుద్దాడు. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఏ ఇంటి కోడలికైనా తెలుసు, ఆ స్నానాల గదిలో నాకు మాత్రం గుర్తుకు రాలేదు. ముసలాయన కల్లు తాగిన వాడిలాగా ఎర్రగా తయారయ్యాడు. మిగిలిన నాలుగు నోట్లనూ లాక్కుని, దాంతో కలిపి కొంగున ముడేసుకున్నాను.

“అన్నను అడుగుతనే. వదిన కార్డున్నది గద,” అన్నాడు మా ఆయన.

“అడిగిన్రనుకో, నా మీద ఒట్టే!”

అట్లా మూడు రోజులు గడిచాయి. ఏ దుకాణానికి పోయినా అక్క కార్డు ఇచ్చేది, మిషన్ కీచుమనేది, చీటీ వచ్చేది, దాన్ని ఆమె మడిచి సంచిలో పెట్టేది. ఆ మడిచే పద్ధతి చూస్తే నాకు కడుపులో కాలేది. నేను మాత్రం చెప్పులు చూసి ‘మన చేవెళ్ల అంగట్ల ఇంతకన్న మంచియి దొరుకుతయి’ అన్నాను, గాజులు చూసి అదే అన్నాను, చివరికి ఏనుగు బొమ్మ చూసి కూడా అదే అన్నాను. వికారాబాద్ డీలర్ భార్య, ఆమెను మేం వికారాబాద్ వదిన అనేవాళ్లం, నన్ను పైకీ కిందికీ చూసి, “చేవెళ్లల ఏనుగులు ఎప్పటికెల్లి అమ్ముతున్నరు?” అంది.

నాలుగో రోజు ఒక వీధి బజారులో, తోపుడు బండి మీద ఆ పచ్చ నూనె సీసాలు కనబడ్డాయి. నా కన్నా ముందు అక్క చూసింది. కార్డు తీసి ఇచ్చింది. బండి అవ్వ కార్డును చూసి, చెయ్యి అడ్డంగా ఊపి, ‘క్యాష్, క్యాష్’ అంది. అక్క నా వైపు తిరిగి అరచెయ్యి చాపింది.

“చెల్లె, ఈ అవ్వ కార్డు తీస్కోదంట. నీ తాన పైసలున్నయి గద, జర ఇయ్యి. అత్తమ్మ నూనె.”

అయిదేళ్లుగా నేను కలగన్న ఘడియ అది. మొయినాబాద్ అక్క నా ముందు చెయ్యి చాపింది! ఆ ఘడియ వచ్చేసరికి నా కొంగులో అయిదు వందల డాలర్లున్నాయి, ఒక్క నూనె సీసా రాదు.

“పైసలు హోటల్లనే ఉన్నయక్కా.”

“మరి కొంగు ముడిల ఏంది? మూడొద్దుల సంది చేత్తోటి పట్టుకునే తిరుగుతున్నవు.”

తప్పలేదు. ముడి విప్పాను. అక్క ఒక్కొక్క నోటూ తీసి చూసింది. “ఏందే ఇది? ఈ ముసలాయనకు బొట్టెందుకు పెట్టినవే?”

“దేవుని ముందట పెట్టినక్కా.”

“మరి ఈయనకేమైంది?”

“ఆయనకు సబ్బు పెట్టినం.”

అక్క అక్కడే మెట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. బండి అవ్వ కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. “నవ్వక్కా, నవ్వు. నీకేంది, కార్డున్నది. యాడ పడితే ఆడ గీకుతవు.”

అక్క నవ్వు ఆగింది. “ఏం కార్డే! నేను గీకంగనే మీ బావ ఫోన్ల టింగుమంటది. నిన్న గాజులు కొన్న. సంచిల ఏసుకోకముందే వచ్చి, ‘మూడు జతలెందుకే’ అన్నడు. ఏటీఎంలకెల్లి పైసలు తీస్కుందామంటే ఆ నంబరు నాకు చెప్పడు. నీవి నీ పూల పైసలు. ఎవ్వరడుగుతరు నిన్ను? నువ్వు గట్ల ముడేసుకొని తిరుగుతుంటే నాకెంత కుళ్లుగున్నదో ఎరుకనా?”

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు జాలి కలగాలి. కలిగింది కూడా, కానీ రెండోసారి. ముందు కలిగింది సంతోషం. ఇంగ్లీషు సంతకం కింద గీత గీసే మనిషికి నన్ను చూస్తే కుళ్లట! ఆ ఆనందంలోనే నాకు బుర్ర పనిచేసింది. ఎదురుగా పెద్ద దుకాణంలో వికారాబాద్ వదిన చక్రాల పెట్టె ఒకటి ముందు పెట్టుకుని, నడుం సంచిలోంచి బాత్ నోట్ల కట్ట తీస్తోంది.

“అక్కా, ఆమె పెట్టెకు నువ్వు కార్డు గీకు. ఆమె నోట్లు మనం తీస్కుందాం.”

అక్క నన్ను వింతగా చూసింది. “గిదంత నీకు ఏడో తరగతిల చెప్పిన్రా?”

“చేవెళ్ల అంగట్ల చెప్పిన్రు.”

గీకింది. మేం నోట్లు లెక్కపెట్టుకునే లోపే బావగారు ఫోన్ పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చారు, వెనకాలే మా ఆయన. “ఎవ్వరికే గంత పెద్ద పెట్టె?”

“వికారాబాద్ వదినకు,” అంది అక్క తాపీగా.

“ఆమెకు మనమెందుకు కొనుడు?”

ఆయనకు అర్థమయ్యేలా చెప్పడం మా ఆయనకు వదిలేసి మేమిద్దరం బండి దగ్గరికి పోయాం. నోట్లు అక్క నా చేతికే ఇచ్చింది. సీసా కొన్నది నా చెయ్యే. (ఇంటికొచ్చాక ఆ అయిదు నోట్లనూ డాలర్లు మార్చిచ్చిన పట్నం సేటు దగ్గరికి తీసుకుపోతే, ‘పూజల పెట్టిన్రా, మంచిది’ అని కళ్లకద్దుకుని గల్లాలో వేసుకున్నాడు. సబ్బు పెట్టినాయనను కూడా.)

విమానం దిగి వస్తుంటే మొయినాబాద్ ముందొస్తుంది. అక్క కారు దిగుతూ నూనె సీసా నా ఒళ్లో పెట్టింది. “నువ్వే ఇయ్యి. ఎవరు తెచ్చిన్రంటే నీకేం చెప్పబుద్ధయితే అదే చెప్పు.”

ఆ దారి నేను మర్చిపోలేను. కనకమామిడి దాకా ‘అక్క కొన్నది’ అని చెప్పాలనే అనుకున్నాను. ముడిమ్యాల మలుపు దగ్గర అది ‘ఇద్దరం కొన్నం’ అయింది. చేవెళ్లలో ఇంటి ముందు దిగేసరికి మిగిలింది నేనొక్కదాన్నే.

అత్తమ్మ సీసా మూత తీసి వాసన చూసింది. మోకాలికి రాసుకుని కళ్లు మూసుకుంది. “పెద్దది తెచ్చిందా?”

“కాదత్తమ్మా. నేనే తెచ్చిన. నా పూల పైసలతోటి.”

అత్తమ్మ వెంటనే ఫోన్ అందుకుని మొయినాబాద్ కలపమంది, అందరికీ వినబడేలా. “ఏమే పెద్దదానా, నీకు చెప్తి నూనె తెమ్మని. నువ్వు తేలే, చిన్నది తెచ్చింది సూడు.”

అటు వైపు నుంచి అక్క గొంతు తేటగా వచ్చింది. “అవునత్తమ్మా. నేను కొంటనంటే కొననిచ్చిందా? ‘అత్తమ్మ కాళ్లు పిసికేది నేను, నూనె గూడ నేనే కొంట’ అని నా చెయ్యి పక్కకు నూకింది. నా కార్డు ఆడ దేనికీ అక్కరకు రాలే.”

అత్తమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, “సల్లగుండు బిడ్డా,” అంది. అయిదేళ్లుగా నేను ఎదురుచూసిన చెయ్యి అది. తీరా పడ్డాక దాని కింద నిలబడలేకపోయాను. నేనాడిన అబద్ధం నాకోసం, ఆమె ఆడిన అబద్ధం కూడా నాకోసమే. అబద్ధం ఆడటంలో కూడా ఆమెదే పైచెయ్యి! ఆమె కార్డును చూసి పడ్డ కుళ్లంతా ఒక ఎత్తయితే, ఆ రోజు ఆ ఒక్క మాటకు పడ్డ కుళ్లు ఇంకో ఎత్తు. అప్పుడు నేనుగా ఉన్న ఆ పిల్ల ఇప్పుడు గుర్తొస్తే నాకు నవ్వాగదు. అత్తగారు మనసారా దీవిస్తుంటే మూతి ముడుచుకుని, ఫోన్ వైపు ఉరిమి చూస్తూ, ‘ఈమెకన్న మంచిదాన్ని ఎట్ల అయ్యేది’ అని అక్కడే నిలబడి లెక్కలు వేసుకుంది. ఆ లెక్క నాకు ఇంకా తెగలేదు.