ఖాదర్‌బాషా కారులో పిల్ల సీటు

తిరువూరు బస్టాండు పక్కన కార్ల వరసలో ఖాదర్‌బాషా గారి తెల్ల కారు ఎప్పుడూ చివర ఉంటుంది. ముందు పెట్టుకోమన్నా పెట్టుకోడు. ముందుంటే బేరం ముందొస్తుంది, వస్తే పోవాలి, పోవడానికి ఓపిక లేదంటాడు. ముప్ఫై ఏళ్లుగా బండి తోలుతున్న మనిషి. నేను ఇంజనీరింగు మధ్యలో వదిలేసి ఇదే స్టాండులో మా బాబాయి కారు నడుపుతున్నాను. బేరాల్లేనప్పుడు ఆయన పక్కనే కూర్చుంటాను. మామా అని పిలుస్తాను. ఆయనకి నేను 'అబ్బాయ్', అంతే. నా పేరు ఆయనకి తెలుసో లేదో కూడా అనుమానమే.

ఆ కారు వెనక సీట్లో ఎడమ పక్కన చిన్నపిల్లల సీటు ఒకటి బిగించి ఉంటుంది. బేరానికొచ్చినవాళ్లు ఇదేంటండీ, ఒక మనిషి చోటు పోయింది కదా అంటారు. ఆయన దాన్ని ఊడదీసి డిక్కీలో పెడతాడు. ఆదివారం తెల్లారేసరికి మళ్లీ బిగిస్తాడు. ఆ బెల్టు లాగి లాగి చేతులు నొప్పులంటాడు, మానడు.

ఆ సీటు మనవరాలు నాజియాది. పిల్లకి నాలుగున్నరేళ్లు. వాళ్లమ్మ సాహెరా భర్తతో పొసగక విడిగా ఉంటోంది. విజయవాడలో మందుల షాపులో ఉద్యోగం, ఉండేది హాస్టల్లో. అక్కడ పిల్లల్ని ఉంచుకోనివ్వరు. అందుకని పిల్ల ఇక్కడ తాతా అమ్మమ్మల దగ్గర పెరుగుతోంది. ఆదివారం ఒక్కరోజే సాహెరాకి సెలవు. ఆ రోజు ఈయన పిల్లని కారులో తీసుకెళ్లి చూపించి, పొద్దుగూకేలోపు తిరిగొస్తాడు. ఒళ్లో కూర్చోబెట్టుకుని తెస్తే నేను పిల్లని చూడను నాన్నా అని సాహెరా పట్టుబట్టింది. అప్పుడే హైదరాబాదు పార్టీ ఒకరు, మావాడు పెద్దవాడయ్యాడు, మీరు వాడుకోండని ఈ సీటు ఇచ్చిపోయారు. దాని మీద అంటించిన కాగితం ఎండకి తెల్లబడిపోయింది. ఒక్క అక్షరం కనబడదు.

మైలవరం దాటాక ఒకసారి గేదె అడ్డమొచ్చింది. ఈయన గట్టిగా బ్రేకు వేశాడు. పిల్లకి ఏం కాలేదు గానీ సీటు ముందుకి ఒరిగి కిర్రుమంది. ఆ చప్పుడు ఆయన చెవిలోంచి పోలేదు. ఈ సీటు ఎంత బరువు దాకా ఆపుద్ది అబ్బాయ్ అని మర్నాడు నన్ను అడిగాడు. ఆ ప్రశ్న పట్టుకుని రెండు నెలలు తిరిగాం.

విజయవాడలో కార్ల సామాన్లు అమ్మే కుర్రాడు, మీరు కూర్చున్నా ఆగుద్ది అంకుల్ అన్నాడట. ఫోనులో వెతికితే ఇదే సీటు బొమ్మ పెట్టి ఒకడు ఇరవై అయిదు కిలోలు అంటాడు, ఇంకొకడు ముప్ఫై ఆరు. ఒక వీడియోలో పద్దెనిమిది అని చెప్పాడు, చెప్పినవాడు అసలు ఆ సీటు ఎప్పుడైనా ముట్టుకున్నాడో లేదో. ఒకడి మాట ఇంకొకడితో కలవదు. చివరికి ఈయన విసుగెత్తి, ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాని ఆ సీట్లో పెట్టి, బెల్టు కట్టి, గంపలగూడెం రోడ్డు మీద ఖాళీ చూసి బ్రేకు తొక్కాడు. బస్తా కదల్లేదు. ఆ రోజంతా సంబరంగా నాకు ఆయన ఫోన్లే ఫోన్లు. నేను ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు.

"బియ్యం బస్తాకి మెడ ఉండదు మామా" అన్నాను.

సాయంత్రం ఆయన సీటు ఊడదీసి నా ముందు బోర్లా పడేశాడు. అడుగున ప్లాస్టిక్కులోనే పోతపోసినట్టు కంపెనీ పేరు, ఒక నంబరు కనిపించాయి. ఇన్నాళ్లూ దాన్ని తిరగేసి చూడాలన్న బుద్ధి ఇద్దరిలో ఒక్కడికీ పుట్టలేదు. ఫొటో తీసి కంపెనీకి పంపాను. జవాబు రాదనుకున్నాను, వారం తిరక్కుండానే వచ్చింది. ముందుకి తిరిగి కూర్చోబెడితే తొమ్మిది నుంచి పద్దెనిమిది కిలోల దాకానే, అది దాటితే వాడొద్దు, పెద్ద సీటు తీసుకోండి అని. చదివి చెప్పాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

"పద్దెనిమిదా? మనది పదమూడే" అన్నాడు. "ఇంకా అయిదు కిలోలుంది. నేనున్నన్నాళ్లకి సరిపోద్ది."

పదమూడని ఎవరు చెప్పారని అడిగాను. ఇంకెవరు, మీ అత్త అన్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను, సీటు బిగించడానికి. నాజియా పరిగెత్తుకొచ్చి ఎత్తుకోమంది. ఎత్తుకున్నాను. ఖాళీ గ్యాసు బండ పదిహేను కిలోలకి తక్కువుండదని నా నడుముకి తెలుసు. ఈ పిల్ల దాని కంటే ఎక్కువ.

"అత్తా, ఇది పదమూడు కాదు" అన్నాను, వాళ్లావిడ సుగ్రాబీతో.

"దించు ముందు" అంది. "పిల్లని ఎత్తుకుని బరువు చెప్తారంట్రా ఎవరైనా? బుద్ధి లేదూ?"

పిల్లని లాక్కుని లోపలికి పోయింది. కాసేపటికి తనే బయటికొచ్చి చెప్పింది, మా ఇద్దరి మొహాలూ చూడకుండా. నాజియా నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. దక్కదేమో అన్నారు ఆసుపత్రిలో. దక్కింది. రెండేళ్లప్పుడు అంగన్‌వాడీలో తూచి, పదమూడు కిలోలా, బొద్దుగా ఉందే అని ఎవరో అన్నారు. ఆ రాత్రే జ్వరం పట్టుకుంది, తగ్గడానికి చాలా రోజులు పట్టింది. అంతే, మళ్లీ ఆవిడ పిల్లని కాటా ఎక్కనివ్వలేదు. అంగన్‌వాడీలో తూచే రోజొస్తే పిల్లకి దగ్గని చెప్పేది. ఎవరు అడిగినా పదమూడే. ఆ ఇంట్లో నాజియా బరువు అక్కడే ఆగిపోయింది, గౌన్లు మాత్రం పొట్టివైపోతూ వచ్చాయి.

బాషా మామ గుమ్మం మీద కూలబడ్డాడు. ఆవిడని తిడతాడనుకున్నాను.

"పిల్లనెత్తుకుని డాబా మెట్లెక్కలేకపోతున్నాను" అన్నాడు. "నాకేదో రోగం వచ్చిందనుకున్నానే. నీకు చెప్పలేదు. నా పని అయిపోయిందనుకున్నా ఇన్నాళ్లూ."

సుగ్రాబీ ఆయన పక్కన నిలబడిపోయింది. తర్వాత, తూచాలంటే నిన్ను తూచుకో, పిల్ల నీ చంకలో ఉంటే ఉండనీ, ఒంటరిగా ఎక్కిస్తే మాత్రం ఊరుకోను అంది. ఆవిడ వైపు నుంచి అదే పెద్ద మెట్టు దిగడం.

వెళ్లాం. పత్తి కొనే శాంతయ్య కొట్టులో పెద్ద కాటా ఉంది. బాషా మామ చెప్పులు విప్పి ఎక్కాడు.

"నిన్ను నేను కొనలేను బాషా" అన్నాడు శాంతయ్య. "తేమ ఎక్కువున్నట్టుంది."

డెబ్భై ఒకటి చూపించింది. తర్వాత పిల్లని ఎత్తుకుని ఎక్కాడు. తొంభై. శాంతయ్య నోరు తెరవబోతే సుగ్రాబీ చెయ్యెత్తి ఆపింది. ఆ మాత్రం తీసివేత రానివాళ్లు అక్కడ లేరు. నాజియా ఒక్కతే ఇంకోసారి ఎక్కుదామని గొడవ చేసింది.

బయటికొచ్చాక కారు దగ్గర నిలబడి, ఒక్క కిలోకేనా అని అడిగాడు నన్ను. మొహం అలిసిపోయి ఉంది. పర్లేదు మామా, ఈ ఒక్కసారికి అంటానని చూస్తున్నాడు. ఒక్క కిలోకే మామా అన్నాను. రెండు నెలలు తిరిగి తెచ్చుకున్న అంకె, మనకి నచ్చలేదని మారదు కదా. ఆయనే సీటు ఊడదీశాడు.

సాహెరాకి ఫోను చేశాడు. ఈవారం కారులో తేలేనమ్మా, సీటుకి బరువెక్కువైంది, పెద్దది కొన్నాక తెస్తానన్నాడు. ఎంతుంది నాన్నా అని ఆవిడ అడుగుతోంది. ఆయన భార్య వైపు చూశాడు. అటునుంచి మళ్లీ అదే ప్రశ్న. సుగ్రాబీ ఫోను లాక్కుంది.

"పందొమ్మిది ఉందే నీ కూతురు" అంది.

ఫోను స్పీకరులో లేదు గనక సాహెరా ఏమందో నాకు తెలియదు. సుగ్రాబీ మాత్రం చాలాసేపు ఊఁ కొడుతూనే ఉంది. చివర్లో కళ్లు తుడుచుకుని, బస్సులో వస్తున్నాం, ఏడవకు అని పెట్టేసింది.

బస్సులో బెల్టే ఉండదు కదా మామా అన్నాను. బస్సు పెద్దదిరా అన్నాడు. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. అయినా అక్కడ తల్లి కాసుకుని కూర్చుంది. నేనూ ఇంక వాదించకుండా వాళ్ల సంచీ మోసుకెళ్లి బస్సెక్కించాను. ఈయన ఏరి ఏరి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు, పిల్లని ఒళ్లో రెండు చేతులతో బిగించి పట్టుకుని. బస్సు ఇంకా కదల్లేదు, మైలవరం దగ్గర గేదెలుంటాయి, నెమ్మదిగా పోనివ్వు బాబూ అని మొదలుపెట్టాడు. డ్రైవరు వెనక్కి తిరిగి, పోనీ మీరు నడుపుతారా సాయిబుగారూ అన్నాడు.

ఇంకో రోజైతే ఈయన లేచి నడిపేవాడే.

"వద్దులే" అన్నాడు. "ఇవాళ నువ్వే తోలు."