సోమన్న తుడిచిన అద్దం

సోమన్న ఇరవై రెండేళ్లు కర్నూల్లో బోర్డులు రాశాడు. నిచ్చెనెక్కి మనిషెత్తు అక్షరాలు రాసినవాడు. ఫ్లెక్సీలొచ్చాక కుంచెను పలకరించే దిక్కు లేకపోయింది. 2007లో బామ్మర్ది పట్టుబట్టి కడపలో ఒక కాలేజీ ల్యాబులో అటెండరుగా పెట్టించాడు.

ఆ ల్యాబులో శ్రీవాణి పరిశోధన చేసేది. జమ్మలమడుగు వైపు నేతగాళ్ల పిల్ల. ఆమెదీ రాతపనే. యంత్రంతో కంటికానని సూదిమొనను సిరాలో ముంచి గాజుబిళ్ల మీద చుక్కలు పెట్టాలి. వెంట్రుక మందంలో వంద చుక్కలు పట్టాలి. సోమన్న నమ్మితేగా!

"కనపడని రాత ఏం రాత పాపా? దానికి దుడ్లిచ్చేదెవురు?" అని నవ్వేవాడు.

ఆయుధపూజ వచ్చింది. పనిముట్టును తుడిచి బొట్టు పెట్టకుండా ఆ పూట దాటించడం సోమన్న ఇంటావంటా లేదు. శ్రీవాణి ఊరికి పోయింది. సోమన్న తాళం తీసి యంత్రానికి పసుపు కుంకుమ పెట్టాడు. దాని కింద గాజుబిళ్ల ఉంది. ఒట్టిదే. తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, దానికీ ఒక బొట్టు పెట్టాడు.

మూడో రోజు వచ్చిన శ్రీవాణి బిళ్ల మీది బొట్టు చూసి సోమన్నను కేకేసింది.

"ఎవురు తుడిచింది?"

"నేనే. దుమ్ము పట్టినట్లుంటే..."

"అన్నా! ఏడు నెలలన్నా! సిరా సూది మీదే ఆరిపోకుండా కుదిరేదానికే అంత పట్టె. ఎల్లుండి కమిటీకి చూపియ్యకపోతే నా ఫెలోషిప్పు పోతాది!"

"అండ్ల ఏముండాది పాపా? ఒట్టి అద్దం గదా!"

ఆమె అతన్ని దగ్గరికి రమ్మంది. బిళ్లను మళ్లీ యంత్రంలో పెట్టింది. అరగంటకు తెర మీద బొమ్మ వచ్చింది. అంచున చుక్కలు, వరసలు వరసలుగా. దారం కొట్టి గీసినా అంత సూటిగా రావు. నడుమంతా మాత్రం చేలో గొర్రు తోలినట్టు ఈడ్చుకుపోయింది. ఒక కుంకుమ రేణువు వాటి మధ్య గుండురాయిలా కూర్చుని ఉంది.

సోమన్న తెర దగ్గరికి వంగాడు. ఇన్నేళ్లలో ఇంకొకడి రాత మీద చెయ్యి పెట్టి ఎరగడు.

"మళ్లా రాయలేవా తల్లీ?"

"పదకొండు దినాలు పడ్తాదన్నా."

కమిటీ పెద్ద ఉమామహేశ్వర సారు అందరి ముందు ఆమెను దులిపేశాడు. "ఇంత అజాగ్రత్త ఉంటే పరిశోధన ఎందుకమ్మా?" అన్నాడు. శ్రీవాణి తల వంచుకుంది తప్ప పేరు చెప్పలేదు. టీలు తెచ్చిన సోమన్న ట్రే కింద పెట్టేశాడు.

"పాప తప్పు లేదు సార్. నేనే తుడిచినా."

"ఎందుకు తుడిచినావప్పా?"

"ఏమీ లేదనుకుంటి సార్."

 కమిటీలో ఒకాయనకు నవ్వొచ్చింది గానీ, సోమన్న ముఖం చూసి మింగేశాడు.

శ్రీవాణికి పదిహేను రోజుల గడువు ఇచ్చారు. సోమన్నను గేటుకు మార్చారు. పన్నెండో రోజు సాయంత్రం ఆమె పరుగున వచ్చింది.

"అయిపాయ అన్నా! వచ్చి చూస్తువు రా."

సోమన్న కుర్చీలోంచి లేవలేదు.

"నాకొద్దు తల్లీ. నా ఊపిరి తగిల్తే ఏమవుతాదో!"