విప్పకూడని కవరు

లక్క కరిగించి సీలు వేయడంలో నన్ను మించినవాడు లేడని మా ఆఫీసులో ఇప్పటికీ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఒకసారి మునిసిపల్ ఎన్నికల్లో నాకు పంజాగుట్టలోని ఒక బడిలో డ్యూటీ పడింది. ఓటర్ల జాబితా నా ముందుంటుంది. వచ్చినవాళ్ల పేరు గట్టిగా చదివి, జాబితాలో ఆ పేరు కింద ఎర్ర సిరాతో గీత గీయాలి. ఆడవాళ్లయితే పక్కన టిక్కు కూడా పెట్టాలి. ఈమాత్రం పనికి రెండు రోజుల శిక్షణ ఎందుకని నేను వేళాకోళం చేశాను.

మధ్యాహ్నం మూడింటికి ఒకావిడ వచ్చింది. ఇల్లు ఆ బడి వెనకే. అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందులో బ్లౌజులు కుట్టే దుకాణం నడుపుతుంది. మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతోంది. చీటీలో నంబరు చూసి పేజీ తిప్పాను. ఆమె పేరు కింద అప్పటికే ఎర్ర గీత ఉంది. టిక్కూ ఉంది.

"మీ ఓటు పడిపోయిందమ్మా" అన్నాను.

"గదెట్ల సార్? దుకాణం బంద్ పెట్టి ఇప్పుడే వస్తున్న. జర చూడుండ్రి, నా వేలికి సిరా ఉన్నదా?" అంటూ ఎడమ చెయ్యి నా మొహం ముందు పెట్టింది.

లేదు. అనుమానమొచ్చి ముందు పేజీ చూశాను. అదే పేరు, భర్త పేరు కూడా అదే, ఇంటి నంబరు వేరు. దాని కింద గీత లేదు. పొద్దున ఆ పేరుతో వచ్చి ఓటేసి వెళ్లిన మనిషి గుర్తుకొచ్చింది. ఆవిడ పేరు కింద గీయాల్సిన గీత ఈమె పేరు కింద గీశాను.

"పొరపాటు నాదండీ" అంటే సరిపోయేది. మా ప్రిసైడింగ్ ఆఫీసరు గారు నెమ్మదస్తుడు. జాబితా దిద్దించి, ఆమెకు మామూలు బ్యాలెట్ ఇప్పించేవారు. కానీ ఆ మాట అనలేదు. మెమో ఇస్తారేమోనని భయం, అందరి ముందూ నామోషీ. పేజీ మెల్లగా తిప్పేశాను.

"ఎవరో దొంగ ఓటు ఏసి పోయిండ్రు" అన్నాడు వెనక కూర్చున్న పార్టీ ఏజెంటు. నేను కాదనలేదు. పొద్దున వచ్చిన ఆ అమాయకురాలిని కూడా దొంగను చేశాను.

తన పేరు మీద ఇంకెవరో ఓటేసిపోతే, అసలు మనిషికి టెండర్ ఓటు ఇస్తారు. దాన్ని పెట్టెలో వేయరు. విడిగా ఒక కవర్లో పెడతారు. లెక్కింపులో కలపరు. కోర్టు అడిగితే తప్ప ఆ కవరు విప్పరు. ఆమెకూ అదే ఇచ్చారు. ఆమె శ్రద్ధగా ముద్ర వేసి, కాగితం మడిచి ఇచ్చి, వెళ్తూ వెళ్తూ నన్నే అడిగింది.

"ఇప్పుడు నా ఓటు పడ్డట్టేనా సార్?"

"పడ్డట్టేనమ్మా" అన్నాను. సాయంత్రం ఆ కవరు మీద లక్క సీలు వేసింది కూడా నేనే.

లెక్కింపు అయ్యాక ఆ ఎన్నికల కాగితాల కట్టలన్నీ మా ఆఫీసు రికార్డు గదికే వచ్చాయి. వాటి బాధ్యత నాకే అప్పగించారు. చెద పట్టకుండా మందు కొట్టించాను, నాఫ్తలీన్ ఉండలు వేశాను, నెలనెలా సీళ్లు సరిచూసి రిజిస్టర్లో సంతకం చేశాను. తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు "రికార్డంటే ఇలా ఉండాలి" అని మెచ్చుకున్నారు. నేను వినయంగా చేతులు కట్టుకున్నాను. ఆ చేతులు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వాటిని దాచాల్సిన గడువు తీరింది. కేసులేమీ లేవు కనుక కాగితాలు నాశనం చేయమని ఉత్తర్వు వచ్చింది. ఆ కవరు చేతిలోకి వచ్చినప్పుడు కాసేపు పట్టుకు నిలబడ్డాను. తర్వాత నేనే కాగితాలు ముక్కలు చేసే యంత్రంలో పెట్టాను. పంచనామా మీద సంతకం చేశాను.

మర్నాడు ఆమె దుకాణానికి వెళ్లాను. గుర్తుపట్టి కుర్చీ వేసింది, టీ తెప్పించబోయింది. వద్దని జరిగినదంతా చెప్పాను. మిషను ఆపి విన్నది.

"అంటే నా ఓటు లెక్కల రాలేదా?"

"రాలేదమ్మా. తప్పంతా నాది."

"గా కాగితం ఏది ఇప్పుడు?"

"నిన్న ముక్కలు చేసేశాం."

కోప్పడుతుందనుకున్నాను. తిట్టించుకుని తేలికపడదామనే వెళ్లాను. ఆమె తిట్టలేదు.

"కాగితం ఉన్నప్పుడు ఎందుకు చెప్పలే సార్?" అంది.

పనుల్లో పడి మరిచిపోయానమ్మా అని ఏదో గొణిగాను. అదీ అబద్ధమే. కాగితం పోయింది కాబట్టే, ఇక నన్నెవరూ ఏమీ చేయలేరు కాబట్టే, ఆమె దగ్గరికి వెళ్లాను.