గాలి చొరని సీసాలు

గూడ్సు బండి బ్రేకు గొట్టాల్లోంచి గాలి కారుతోందా లేదా అని చూడటం నా ఉద్యోగం. బిలాస్‌పూర్ యార్డులో ముప్ఫై ఏళ్ళకు పైగా అదే చేశాను. నేను సరే అని పంపిన బండి ఒక్కటీ గాలి కారి దారిలో ఆగలేదు. గొప్పలు పోతున్నానంటే అనుకోండి, రిటైరయిన మనిషికి ఆ మాత్రం హక్కుంటుంది.

మా అమ్మాయి చదువే నాకు మొదట్లో కొరుకుడు పడలేదు. ఊళ్ళోనే ఒక ప్రయోగశాలలో సముద్రం అడుగు బురద మీద పరిశోధన. సముద్రానికి ఇంత దూరాన కూర్చుని ఆ బురదతో పనేమిటని మా పాత క్వార్టర్ల వాళ్ళు నవ్వేవారు. వాళ్ళతో కలిసి నేనూ నవ్వాను.

ఒకరోజు అది నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఓడ మీద నుంచి గొట్టం దించి, సముద్రం అడుగు మట్టిని చాలా లోతు నుంచి తోడి తెస్తారట. ఆ మట్టి పైపొరల్లో సల్ఫేటును వాడుకుని బతికే సూక్ష్మజీవులుంటాయి. కిందికి పోయేకొద్దీ సల్ఫేటు అయిపోతుంది. అక్కడి నుంచి మీథేన్ తయారుచేసే జీవుల రాజ్యం. వెలుతురు లేదు, తిండి అంతంతమాత్రం, అయినా బతుకుతాయి.

"మనం పీల్చే గాలే వాటికి విషం నాన్నా" అంది. ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది. గాలి సంగతి నాకు తెలుసు.

ఆ జీవులు సీసాల్లో మీథేన్ చేస్తున్నాయని చూపించాలి. అమ్మాయి మూడేళ్ళ కష్టం దాని మీదే ఆధారపడి ఉంది. సీసాలోంచి గాలి తరిమేసి, నైట్రోజన్ నింపి, బురద వేసి మూత బిగిస్తారు. లోపల ఒక రంగు మందు ఉంటుంది. గాలి చొరబడిందా, నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. పోయిన ఎండాకాలం వరసగా రెండు విడతలు అలాగే పాడయ్యాయి. ఓడ నుంచి వచ్చిన బురదలో ఇక ఒక్క పొట్లమే మిగిలింది.

"ఏటమ్మా, ముఖం అలాగ ఏలాడేసినావు?"

"క్యా బోలూఁ, ఏటి చెప్పను నాన్నా, మళ్ళీ గులాబీయే. ఆ బురదలో జీవులు ఎప్పుడో చచ్చిపోయుంటాయంటున్నారు మా గైడు సారు. ఆఖరి పొట్లం అందులోని లవణాలు కొలవడానికి వాడేయమన్నారు. నాకూ అదే నయమనిపిస్తంది."

"అవి చచ్చినాయో, మీరే చంపేసినారో చూసినారేటి? గొట్టాలకి సబ్బు నీళ్ళు రాసినావా?"

"రాసినాను. ఒక్క బుడగ రాలేదు."

గొట్టం సరిగ్గా చూడకుండానే బురదను తప్పుపడుతున్నారని నాకు ఒళ్ళు మండింది. మర్నాడు పొద్దున్నే గెడ్డం గీసుకునే బ్రష్షూ, మగ్గులో సబ్బు నురగా పట్టుకుని ప్రయోగశాలకు పోయాను. సారు నన్ను చూసి, ఏసీ బాగుచేసే మనిషనుకుని పక్కగది చూపించారు. అమ్మాయి వచ్చి మా నాన్న అని చెప్పాక లోపలికి రానిచ్చారు.

నైట్రోజన్ సిలిండరు దగ్గర నుంచి మొదలుపెట్టాను. అతుకులన్నీ శుభ్రంగా ఉన్నాయి. చివర సీసాల దగ్గర మూరెడు రబ్బరు గొట్టం ఉంది. దాన్ని బల్ల మీద తిన్నగా పరిచి పరీక్ష చేసిందట అమ్మాయి. నేను దాన్ని బొటనవేలి చుట్టూ వంచి నురగ రాశాను. ఆవగింజంత బుడగలు పైకి లేచాయి.

"సీసాలు నింపేటప్పుడు దీన్ని ఇలాగే వంచుతావు కదేటి? బ్రేకు గొట్టం కూడా అంతే. తిన్నగున్నప్పుడు పగులు మూసుకుపోతాది. గ్యాసు బయటికొచ్చే సందులోంచే గాలి లోనికి దూరతాది."

సారు వంగి ఆ బుడగలను దగ్గరగా చూశారు. నేను మర్యాదకు గొప్పలు పోలేదు, మీసం మాత్రం దువ్వుకున్నాను.

గొట్టం మార్చి, నా మాట మీద అమ్మాయి ఆఖరి పొట్లం విప్పింది. ఈసారి నీళ్ళకు రంగు రాలేదు. కానీ మీథేనూ రాలేదు. వారాలు గడిచాయి, వానలు వెళ్ళాయి. నాకు లోపల గుబులు పట్టుకుంది. ఆ జీవులు నిజంగానే చచ్చిపోయుంటే, పంతానికి పోయి పిల్ల చేతిలో మిగిలింది కూడా పోగొట్టినవాణ్ణవుతాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

దసరా దాటాక ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి రమ్మంది. గ్యాసు కొలిచే యంత్రం కాగితం మీద గీత గీసింది. పోల్చి చూడటానికని జీవుల్ని ఉడకబెట్టి చంపిన బురద సీసాకు తిన్నని గీత. ఆఖరి పొట్లం సీసాకు మాత్రం మధ్యలో చిన్న గుట్ట.

"అదే మీథేన్ నాన్నా. బతికే ఉన్నాయి."

బురద బతికుందని మీకెలా తెలుసని సారు అడిగారు. బురద సంగతి నాకు తెలియదండీ, గొట్టం చేసిన తప్పుకు బురదను అనకూడదని మాత్రం తెలుసు అన్నాను.

నా కళ్ళు తడిశాయి. సిగ్గుపడలేదు. ఇన్నేళ్ళు గాలి కారకుండా చూశాను, కారని గాలి ఎవరికి కనిపిస్తుంది? ఆ రోజు ఆ గుట్టలో నా కంటికి కనిపించింది. అమ్మాయి అప్పటికే నన్ను మరిచిపోయి, ఆ గుట్ట మీద వేలు పెట్టి సారుకు ఏదో వివరిస్తోంది. ఆయన పెన్ను తీసి, అది చెప్పేది రాసుకుంటున్నారు.