మాస్టారి ఖాళీ సంచి

అరవైల మొదట్లో నేను ఇందుకూరుపేటలో ఎనిమిదో తరగతి చదివేదాన్ని. మాది మైపాడు, చేపలు పట్టే ఇల్లు. ఒకరోజు ఇంగ్లీషు మాస్టారు ‘ఫిషీ’ అనే మాటకు రెండర్థాలు చెప్పారు. చేపల కంపు కొట్టేది ఒకటి, అనుమానించదగ్గది ఇంకొకటి.

“మొదటిదానికి ఉదాహరణ మన పోలమ్మ. క్లాసులో ఏదైనా పోతే రెండోదానికీ పోలమ్మే,” అన్నారు. క్లాసంతా నన్ను చూసి నవ్వింది. ఇంటికెళ్లి అమ్మతో చెప్పాను.

ఆ ఆదివారం మాస్టారు వంజరం చేప కోసం మా ఒడ్డుకొచ్చారు. ఆయన్ని చూడగానే అమ్మ తన గంప మీద తడిగోనె కప్పేసింది. మా ఒడ్డున ఒకరు గంప మూసి కాదన్న మనిషికి ఇంకెవరూ అమ్మరు. వరసలో గంపలన్నీ మూసుకున్నాయి.

“అల్లుడొచ్చుండాడమ్మా, ఒక్క చేపన్నా ఇయ్యండి,” అని ఆయన బతిమాలారు.

“కంపు కొడతాయి సార్. అదీగాక మాలాంటోళ్ల సరుకు నమ్మబాకండి,” అంది అమ్మ.

ఆయన ఖాళీ సంచితో ఇసకలో నడిచిపోతుంటే కనుమరుగయ్యేదాకా చూశాను.

ఇలాంటివి రాసేవాళ్లు చివర్లో క్షమించేశామంటారు. నాకిప్పుడు మనవలున్నారు. ఆ ఖాళీ సంచి గుర్తొస్తే ఈరోజుకీ అన్నం ఇంకో ముద్ద ఎక్కువే తింటాను.