ఫిల్మ్ నగర్‌లో సాంబ్రాణి తాగిన కారు

ఫిల్మ్ నగర్ చూడాలన్న ముచ్చట నాకెప్పుడూ లేదు. కాకినాడ పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పుకునేవాడికి అక్కడేం పని? తొంభైల చివర్లో ఒక ఆదివారం మా బావమరిది శేషు ఫోను చేసి ఏడ్చినంత పని చేశాడు కాబట్టి బయల్దేరాను.

"రేపు పొద్దున నా మొదటి సినిమా ముహూర్తం బావగారూ. నిర్మాతగారి కొత్త కారే హీరో కారు. ఇంజను నడుస్తుండగా హీరో అద్దం దించి ఒక్క మాట చెప్పాలి. నిన్న రిహార్సల్లో ఆ మాట పూర్తయ్యేలోగా రెండుసార్లు ఆగిపోయింది. రేపు కూడా ఆగితే నన్ను ఐరన్ లెగ్ అని తీసి పారేస్తారు."

ఎనిమిదేళ్ళు అసిస్టెంటుగా ఎండలో గొడుగులు పట్టినవాడు. అలాంటివాడికి డైరెక్షన్ వచ్చో రాదో ఒక కారు తేల్చాలట. నాకు ఒళ్ళు మండిపోయింది. స్పానర్ల సంచి, పాత టూత్ బ్రష్‌లు, గ్యాస్కెట్ కాగితం తీసుకుని సాయంత్రం రైలెక్కాను.

ఎదురు బెర్తు పెద్దమనిషి నేను ఫిల్మ్ నగర్ వెళ్తున్నానని తెలియగానే తను రాసుకున్న సినిమా కథ మొదలుపెట్టాడు. "క్లైమాక్సులో హీరోకి తన తండ్రి ఎవరో తెలుస్తుందండీ!" అన్నాడు. మొదట్లోనే తల్లిని అడిగితే పోయేదిగా అన్నాను. ఆయన అటు తిరిగి దుప్పటి కప్పుకున్నాడు. ఆ ప్రాంతానికి వెళ్ళేవాళ్ళు ఎక్కడికి వెళ్తున్నారో ఎవరికీ చెప్పకండి.

ఆరున్నరకి సికింద్రాబాద్‌లో దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ తినవచ్చు, చట్నీ జోలికి పోవద్దు. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాకా సిటీ బస్సు ఉంది. అక్కణ్ణుంచి ఆటో తప్పదు.

"యాక్టింగ్ కోసమొచ్చిండ్రా సార్?" అన్నాడు ఆటో అతను.

"కారు బాగుచెయ్యడానికి."

"గదే నయం సార్. కడుపన్న నిండుతది."

ఆ ఊళ్ళో నేను విన్న తెలివైన మాట అదొక్కటే.

జూబ్లీ హిల్స్ అంటే బండరాళ్ళ గుట్టలు. ఒక్కో బండ మీద ఒక్కో మేడ, మేడ కనపడకుండా ప్రహరీ. ఒక ఇంటికి గేటు రోడ్డు వైపు లేదు, పక్కింటి గోడ వైపు ఉంది. వాస్తు అట. ఆ ఇంటి కారు లోపలికి దూరాలంటే మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఊగాలి. చూస్తూ కాసేపు నవ్వుకున్నాను.

నిర్మాతగారి మేడ చేరేసరికి ఎనిమిదిన్నర. కారు పోర్టికోలో బంతిపూల కింద మునిగిపోయి ఉంది. ఇంజను ఆన్‌లో ఉంది. బండి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. ముందు గ్రిల్‌కి ఆనించి సాంబ్రాణి మూకుడు పెట్టారు. పట్టుపంచె కట్టుకున్న సిద్ధాంతిగారు దాంట్లో గుప్పెళ్ళకొద్దీ పొడి చల్లుతున్నారు. శేషు ఒక మూల నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"మెకానిక్ బావగారు మీరేనా?" అన్నారు నిర్మాత. రైసు మిల్లుల నుంచి సినిమాల్లోకి వచ్చిన మనిషి.

"లెక్చరర్‌నండీ."

"అదేలెండి. రాహుకాలం తొమ్మిది దాకా ఉంది. అప్పటిదాకా బోల్టు ముట్టుకోకండి."

సిద్ధాంతిగారు నా వైపు దయగా చూశారు. "బండికి దిష్టి గట్టిగా తగిలిందండీ. కొన్నప్పట్నుంచీ రోజూ ఒక పూట వేస్తూనే ఉన్నాం, అయినా వణుకు పట్టుకుంది. ఇప్పుడు రెండు పూటలా వేయిస్తున్నాం. చూడండి, పొగంతా బండే పీల్చుకుంటోంది!"

నిజమే, పీల్చుకుంటోంది. ముహూర్తం పదీ యాభైకి. వీళ్ళ పుణ్యమా అని అరగంట కుర్చీలో కూర్చుని ఆ పొగనే చూస్తూ గడిపాను.

తొమ్మిది కొట్టగానే బానెట్ ఎత్తాను. గాలి వడగట్టే ఫిల్టరు ఉండాల్సిన డబ్బా ఖాళీగా ఉంది. డ్రైవర్ యాదగిరిని పిలిచాను.

"పొగకు బండికి దమ్ము ఆడ్తలేదు సార్. జర గాలాడుతదని ఫిల్టర్ తీసి డిక్కీల పెట్టిన."

తెలివంటే ఇదీ! ఒకాయన పొగ పోస్తాడు, ఇంకొకాయన దానికి తలుపులు తీస్తాడు.

బ్యాటరీ తీగ ఊడదీశాను. గాలి గొట్టం క్లిప్పు వదులు చేసి, యాక్సిలరేటర్ కేబుల్ కొక్కెం తప్పించి, నాలుగు బోల్టులూ విప్పి థ్రాటిల్ బాడీని చేతిలోకి తీసుకున్నాను. ఇంజనుకి గాలి వెళ్ళే దారి అది. లోపల గుండ్రటి రేకు తలుపు ఉంటుంది. కారు నిలబడి ఉండి ఇంజను మాత్రమే నడిచేటప్పుడు ఆ తలుపు దాదాపు మూసుకునే ఉంటుంది, అంచు దగ్గర సన్నటి సందు మాత్రం మిగులుతుంది. ఆ సందు నిండా సాంబ్రాణి బంక, మాడిన బెల్లం పాకంలా. వాసన కూడా పూజగదిదే.

"దిష్టి ఇదిగో," అని శేషుకి చూపించాను. వాడు ఆత్రంగా చుట్టూ చూసి, "మెల్లిగా బావగారూ!" అన్నాడు.

గుడ్డ పెట్రోల్లో ముంచి, రేకు గీసుకుపోకుండా బ్రష్‌తో రుద్ది, అతుకులోంచి గాలి దూరకుండా మధ్యలో వేసే గ్యాస్కెట్ కొత్తది కత్తిరించి బిగించాను. డిక్కీలోంచి ఫిల్టరు తెప్పించి, దులిపి దాని చోట దాన్ని పెట్టాను. స్టార్ట్ చేస్తే ఒక్క నిమిషం తడబడి సర్దుకుంది.

"ఈ పొగ ఆపకపోతే నెల తిరక్కుండా ఫిల్టరు మూసుకుపోతుంది. వీళ్ళు మళ్ళీ దాన్ని పీకేస్తారు. వెళ్ళి చెప్పు," అన్నాను.

"చెప్తే సిద్ధాంతిగారిది తప్పన్నట్టే కదా. ఆయన నా జాతకం బాలేదని ఒక్క మాటంటే చాలు, నేను ఇంటికే."

పదీ యాభై. కొబ్బరికాయ కొట్టారు. హీరో కూర్చుని తాళం తిప్పాడు. శేషు చెయ్యి ఎత్తాడు. పోర్టికో నిశ్శబ్దమైపోయింది.

"ఆగిపోయింది! మళ్ళీ ఆగిపోయిందయ్యా!" అని నిర్మాత అరిచారు.

అందరూ శేషు కాళ్ళ వైపే చూస్తున్నారు. వాడు రెండంగల్లో వెళ్ళి బానెట్ మీద చెయ్యి వేశాడు. "నడుస్తోందండీ. మీరూ చెయ్యి వేసి చూడండి."

నిర్మాత చెయ్యి వేశారు, చెవి కూడా ఆనించారు. వణుకుడికి అలవాటు పడ్డ మనుషులకి నడుస్తున్న ఇంజను ఎలా ఉంటుందో తెలియలేదు. హీరో తన మాట చెప్పాడు, షాట్ అయిపోయింది. నిర్మాత తిన్నగా వెళ్ళి సిద్ధాంతిగారి కాళ్ళకి దండం పెట్టారు.

"మీ సాంబ్రాణి పనిచేసిందండీ! రేపట్నుంచి మూడు పూటలా వెయ్యండి!"

నేను నోరు తెరిచాను. శేషు నా కాలు గట్టిగా తొక్కి, చేతులు జోడించుకుని ముందుకి వెళ్ళాడు.

"చిన్న సందేహం సిద్ధాంతిగారూ. దిష్టి పెట్టేవాళ్ళు ఎదురుగా నవ్వుతారు, బండి వెళ్ళాక వెనక నుంచే కదండీ చూస్తారు? సాంబ్రాణి డిక్కీ వైపు వేయిస్తే ఎలా ఉంటుందంటారు?"

సిద్ధాంతిగారు కళ్ళు మూసుకుని వేళ్ళు లెక్కపెట్టారు. "నేనూ అదే చెబుదామనుకుంటున్నాను," అన్నారు. మూకుడు వెనక్కి వెళ్ళింది.

ప్రొడక్షన్ భోజనం బాగుంది, అంతవరకు ఒప్పుకుంటాను. నా పనిని ఒక్కడూ ఎత్తలేదు. సాయంత్రం యాదగిరి అదే కారులో నన్ను స్టేషన్లో దింపాడు. సీట్లో కూర్చుంటే ఇంజను ఉందో లేదో తెలియలేదు. ఆ గుట్టల మీద ఒక రోజంతా ఉన్నాను, తిన్నగా ఉన్న గేటు కానీ, తిన్నగా మాట్లాడే మనిషి కానీ కనపడలేదు. మళ్ళీ వెళ్ళను. మీకు తప్పనిసరైతే పనిముట్లు మీవే పట్టుకెళ్ళండి, పని అయ్యాక పేరు ఆశించకండి.

తెల్లారి కాకినాడలో దిగేసరికి మా ఆవిడ స్టేషన్‌కే వచ్చి ఉంది. రాత్రి నిద్రపోయినట్టు లేదు.

"తమ్ముడు నిలబడతాడా?" అంది.

"నిలబడతాడు. నిన్న సిద్ధాంతి చేత కూడా వాడే డైలాగ్ చెప్పించాడు."

ఆమె ఏడ్చేసింది. నాకూ సంతోషమే. కానీ వాడు మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఉన్నదున్నట్టు మాట్లాడే కుర్రాడు. ఆ కుర్రాణ్ణి మళ్ళీ చూస్తానో లేదో అని ఇంటికి వెళ్ళేదాకా దిగులుగానే ఉంది.