పాలు పొంగించాక వచ్చిన మేనేజరు

మా పాత ఇంటి గోడను ఆనుకుని మిరపకాయల మిల్లు ఉండేది. మిల్లు ఆడితే ఆ ఘాటుకు ఊరి పొలిమేరలో ఎద్దులు కూడా తుమ్మేవని నేను చెబుతుంటాను. ఎద్దులు తుమ్మగా నేనెప్పుడూ చూడలేదు. మా ఆవిడ దగ్గడం మాత్రం ఏళ్ల తరబడి చూశాను. కళ్లాల్లో ఎండిన కాయ మిల్లుకు వచ్చే రోజుల్లో ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే వంట చేసేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ దగ్గు ఉబ్బసంలోకి దిగింది. గుంటూరు డాక్టరు గారు మందులు రాసిచ్చి, వీటికన్నా ముందు ఇల్లు మారండి అన్నారు.

మారడం నోటితో అన్నంత తేలిక కాదు. ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. ఇంటి మీద తీసుకున్న లోను సగం పైనే మిగిలి ఉంది. పాత ఇల్లు కొనడానికి మిల్లు సాయిబు సిద్ధంగా ఉన్నాడు, ఆయనకు గోడౌనుకు చోటు కావాలి. చిన్నప్పటినుంచీ నన్ను బావా అని పిలిచే మనిషి, బేరం దగ్గర ఇబ్బంది పెట్టలేదు. ఊరి చివర, మాగాణి పక్కన ఒక చిన్న ఇల్లు అమ్మకానికి వచ్చింది. ఇక కావాల్సిందల్లా, మిగిలిన లోనును బ్యాంకు వాళ్లు పాత ఇంటి మీద నుంచి కొత్త ఇంటి మీదికి మార్చడం. మారిస్తే పాత కాగితాలు సాయిబుకు వెళతాయి, ఆయనిచ్చే డబ్బుతో కొత్తది మాకు వస్తుంది.

అడ్డం వచ్చింది నా పేరు. నాది మోటార్లకు వైండింగ్ చేసే షాపు. జిల్లాలో నా చెయ్యి పడని మోటారు లేదని చెప్పుకునేవాణ్ణి. నిజానికి మండలం దాటి బేరం వచ్చింది తక్కువ. పచ్చపురుగు పత్తిని తినేసిన ఏళ్లలో రైతులు మోటార్లు బాగుచేయించుకున్నారు గానీ డబ్బులు ఇవ్వలేకపోయారు. నా వాయిదాలు తప్పాయి. అది చాలదన్నట్టు, టీ కొట్టు దగ్గర ఎవరు కాగితం చాపినా జామీను సంతకం పెట్టేవాణ్ణి. మా వైపు అదొక మర్యాద. ఇవాళ నీకు నేను, రేపు నాకు నువ్వు. పెట్టనన్నామా, ఆ మనిషి మళ్లీ మన షాపు గడప తొక్కడు. అలా పెట్టిన వాటిలో ఒక పంట లోను మునిగింది. తీసుకున్నాయన కనిగిరి వైపు అత్తగారి ఊరు వెళ్లిపోయాడు, నోటీసు నాకు వచ్చింది.

బ్యాంకులో కొత్తగా వచ్చిన మేనేజరు గారు నా పాత సంగతులన్నీ చూసి, మీకు లోను మార్చడం కష్టమండీ అని మర్యాదగానే చెప్పారు. నేను కదలకుండా కూర్చునేసరికి, సరే, కొత్త ఇల్లు ఒకసారి చూసి ఆలోచిస్తానన్నారు. ఎప్పుడొస్తారో చెప్పలేదు.

ఈలోపు పంతులు గారు ఇంకో వారంలో మూఢం వస్తోందన్నారు. అది పోయే వేళకు ఆషాఢం. ఈ ముహూర్తం తప్పితే శ్రావణం దాకా కొత్త ఇంట్లో కాలు పెట్టకూడదు. అంటే మిల్లు ఆడే ఎండాకాలమంతా మా ఆవిడ ఆ గోడ పక్కనే ఉండాలి. ఇల్లు అమ్మే ఆయన తాళంచెవి చేతికిచ్చి, ముందు పాలు పొంగించుకోండి, డబ్బు సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. గడపకు పసుపు పూశాం, మామిడి తోరణం కట్టాం, గుమ్మానికి గుమ్మడికాయ వేలాడదీశాం. రూపాయి ఇవ్వని ఇంట్లో పాలు పొంగించాం.

పాలు పొంగించాక మూడు నిద్రలు చేయాలి. ఆ మూడు రాత్రులూ మా ఆవిడ చాప మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. పాత ఇంట్లో గోడకు చేరగిలబడి కునికేది. నాలుగో రోజు పొద్దున్నే, నేనింక అక్కడికి రానండీ అంది. సామాన్లు తెచ్చేశాం.

గృహప్రవేశం భోజనాల దగ్గర నేను నోరు కట్టుకుని ఉండాల్సింది. పక్కింటాయన, రిటైరైన బస్సు కండక్టరు, లోను పెట్టారా అని అడిగాడు. లోనెందుకండీ, రొక్కం పడేశా అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఇల్లంతా చీమకుర్తి గ్రానైటు పరిపిస్తున్నానని కూడా చెప్పాను. వంటగట్టు మీద చీమకుర్తి బండ ముక్క ఒకటుంది. అదీ పాత ఓనరు వేయించిందే.

మేనేజరు గారు వచ్చినరోజు ఇల్లు ఎక్కడని అడిగింది ఆ కండక్టరునే. ఆయన ఉపకారి. దగ్గరుండి తీసుకొచ్చాడు, దారిలో రొక్కం సంగతీ, గ్రానైటు సంగతీ చెప్పాడు. మేనేజరు గారు గుమ్మం ముందు నిలబడి ఎండిపోయిన తోరణాన్నీ, గుమ్మడికాయనూ చూశారు.

"డబ్బు ఉండి కూడా మా వాయిదాలు ఎగ్గొట్టారన్నమాట," అన్నారు.

అప్పుడు నేను ఆయనకు ఇంగ్లీషులో దీటుగా జవాబిచ్చానని తర్వాత చాలామందికి చెప్పాను. నిజానికి నేనన్నది తెలుగులోనే, ఎండగా ఉంది, లోపలికి రండి సార్ అని.

మా ఆవిడ మంచినీళ్లు పట్టుకుని బయటికొచ్చింది. "ఈయన చెప్పేదాంట్లో సగం తీసెయ్యండి సారూ. మిగతా సగం ఈయన నోటితోనే వినండి," అని నా వైపు తిరిగింది. "చెప్పండి. కండక్టరు గారు కూడా వింటారు."

చెప్పాను. రొక్కం లేదు, బయానా కూడా ఇవ్వలేదు, మూఢం వస్తోందని పాలు పొంగించాం, డాక్టరు ఇల్లు మారమన్నాడు, గ్రానైటు బండ ఒక్కటే. కండక్టరు మా గోడ మీదికి వంగిన తన జామచెట్టు కొమ్మను శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు.

మేనేజరు గారు మా ఆవిడనే చూస్తున్నారు. "మీరు పొదుపు సంఘం వాళ్లు కదండీ? నెలనెలా వస్తారు. మెట్ల మీద ఆగి ఆగి, దగ్గుకుంటూ ఎక్కుతారు. ఇప్పుడు గుర్తుపట్టలేకపోయాను."

"ఇక్కడికొచ్చాక దగ్గు లేదు సార్," అంది. "మీరు కాదంటే తాళం ఇచ్చేసి మళ్లీ అక్కడికే పోతాం."

ఆయన నీళ్లు తాగారు, గదులు చూశారు, ఆవిణ్ణి ఒకసారి బ్యాంకుకు రమ్మని చెప్పి వెళ్లిపోయారు. నన్ను రమ్మనలేదు.

ఆ సంఘాన్ని నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆడవాళ్ల కాలక్షేపం అనుకునేవాణ్ణి. గేదెలకనీ, కుట్టుమిషన్లకనీ బ్యాంకులో లోన్లు తీసుకునే ఆ సంఘానికి మా ఆవిడే లీడరు. ఎవరైనా వాయిదా ఆలస్యం చేస్తే వాళ్ల అరుగు మీద కూర్చునేది. దగ్గుతూ కూర్చునేది. ఆ దగ్గు వినలేకే డబ్బు తెచ్చిచ్చేవాళ్లని నేను వేళాకోళం చేసేవాణ్ణి. వాళ్ల సంఘం ఒక్క వాయిదా తప్పలేదని మేనేజరు గారు బ్యాంకులో ఆవిడతో అన్నాకే నాకు తెలిసింది.

చివరికి ఇలా తేలింది. సాయిబు ఇచ్చే బయానాతో ముందు నా పాత వాయిదాలు, జామీను బాకీ తీర్చాలి. కొత్త ఇల్లు ఆవిడ పేరున రిజిస్టర్ కావాలి. మిగిలిన లోను ఆవిడ పేరు మీదే దానికి మారాలి. పై ఆఫీసు నుంచి ఒప్పుకున్నట్టు కబురొచ్చేదాకా మా ఆవిడ గుమ్మానికి కొత్త తోరణం కట్టనివ్వలేదు.

రిజిస్ట్రేషను రోజు సాక్షులుగా సాయిబు, కండక్టరు వచ్చారు. కాగితాలు బల్ల మీద పరవగానే అలవాటు కొద్దీ నేను జేబులోంచి పెన్ను తీశాను. సాయిబు నా చెయ్యి పట్టుకున్నాడు.

"లోపల పెట్టు బావా. ఆ ఇల్లు ముందు చెల్లెమ్మది కానీ."

ఇల్లు మా ఆవిడకు ప్రేమతో కానుకగా ఇచ్చానని ఇప్పటికీ కొత్తవాళ్లకు చెబుతుంటాను. బ్యాంకు నన్ను వద్దంది, అంతే. వాయిదా కట్టే రోజు స్కూటరు మీద ఆవిణ్ణి దింపడం నా పని. మీరు లోపలికి రాకండి, మిమ్మల్ని చూస్తే వాళ్లకు పాతవన్నీ గుర్తొస్తాయి అనేది. నేను బయటే స్కూటరు మీద కూర్చునేవాణ్ణి.

ఆ బ్యాంకుకు ఇరవై మెట్లని చెబుతుంటాను. నాలుగే. ఆ నాలుగూ మా ఆవిడ ఎక్కడా ఆగకుండా ఎక్కేది.